ఎడమకి వాలిన పువ్వులు

మొదటి కాన్పుకి మొగల్తూరు దగ్గరి పుట్టింటికి వచ్చాను. వానలు వెలిసి ఎండ కాయగానే మా మేనత్త పాత బట్టలన్నీ వాకిట్లో ఆరవేయించింది. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లో ఉండిపోయిన మనిషి ఆమె. నన్ను పెంచింది ఆమే. కావడిపెట్టె అడుగున, ఎండిన వేపాకుల కింద, జానెడు లేసుముక్క దొరికింది. సగంలో వదిలేసినది. సూది ఇంకా చివరి మెలికలోనే ఉంది. దాని తుప్పు దారానికి ఎక్కింది.

"మీ అమ్మదేనే," అంది అత్త, దాని వంక చూడకుండా.

నేను పాకే వయసులోనే అమ్మ జ్వరంతో పోయింది. ఆమె ముఖం నాకు తెలియదు. అడిగితే నాన్న చుట్ట వెలిగించుకుని కాలవగట్టు మీదకి పోయేవాడు. అత్తయితే "చామనఛాయ" అని ఒక్క ముక్క చెప్పేది. చామనఛాయ అంటే మా పేటలో సగంమంది ఆడవాళ్లు! అందుకే ఆ ముక్క పూర్తిచేసి, పుట్టబోయే బిడ్డ కుళ్లాయికి కుట్టాలని పట్టుబట్టాను. అమ్మది నాకు దొరికింది అదొక్కటే.

లేసు నాకు కొత్త కాదు. లేసు పని తెచ్చిన మిషను దొరసాని దగ్గర నేర్చుకున్నవాళ్ల దగ్గర నేను నేర్చుకున్నాను. మాకు కాగితం మీద నమూనాలుండేవి కావు. పాత ముక్కని ఒళ్లో పరుచుకుని, కన్నాలు లెక్కపెట్టుకుంటూ అల్లుకోవడమే. పనిమంతురాలినన్న పొగరు కూడా నాకుండేది. ముందు వేరే దారంతో అల్లి చూశాను. అమ్మ పువ్వు లొంగలేదు. ఆమె రేకులు ఎడమకి వాలితే నావి కుడికి వాలేవి. విప్పాను, అల్లాను, మళ్లీ విప్పాను. ఎవరో ఎదురుగా కూర్చుని నేను అల్లిందల్లా తిప్పేస్తున్నట్టనిపించి పట్టపగలే ఒళ్లు జలదరించేది.

"పోయినవాళ్ల పనితో నీకేంటే? వట్టిమనిషివి కూడా కాదు," అని అత్త కసిరేది.

క్రిస్మస్ ముందు కజ్జికాయలు చేశాం. కొబ్బరికోరు, బెల్లం, నువ్వులు, పైన చిటికెడు యాలకుల పొడి. మా నాయనమ్మ నాటి పాళ్లు, అన్నీ అత్త నోటనే ఉండేవి. నేను అంచులు మడుస్తుంటే సాయానికి వచ్చిన పక్కింటి ముసలమ్మ నవ్వింది.

"మీ అమ్మ మడతలు ఇలా పోయేవి కావమ్మాయ్, తిరగబడి పోయేవి. పళ్లెంలో ఎన్ని కలిసున్నా ఆవిడవి ఇట్టే తెలిసిపోయేవి. పుర్రచెయ్యి కదండీ ఆవిడది!" అంది, చివరి మాట అత్త వైపు తిరిగి.

నూనెలో కజ్జికాయలు తిప్పుతున్న అత్త చేతిలో చట్రం ఆగిపోయింది.

నేను పిండి చేతులు కడుక్కుని గదిలోకి పోయాను. తుప్పు సూది మెల్లగా తీసి, నా సూదిని ఎడమచేత్తో పట్టుకుని, అమ్మ ఆపిన మెలికలోకి దించాను. చిన్నప్పుడు అన్నానికి ఆ చెయ్యే ముందు పోతుందని అత్త దాన్ని పాతగుడ్డతో నడుముకి కట్టేసేది. బుద్ధి నేర్పుతోందని అందరూ మెచ్చుకునేవారు. అన్నేళ్లు మూలపడిన చెయ్యి, తప్పిపోయిన ఆవు దొడ్డి చేరినట్టు, తడుముకుంటూనే దారి పట్టింది. రేకు ఎడమకి వాలింది. అమ్మ అల్లిక ఎక్కడ ఆగిందో, నాది ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు.

తలెత్తితే గుమ్మంలో అత్త. ముఖంలో నెత్తురుచుక్క లేదు. నన్ను కాదు, నా చేతిని చూస్తోంది.

"వదినా," అంది.

తర్వాత గడప మీద కూలబడింది. "అన్నానికి తప్పని కట్టలేదే నీ చెయ్యి. అది కదిలినప్పుడల్లా వదినే వచ్చి కూర్చున్నట్టుండేది. చూడలేకపోయానే."

నాకు ఏడుపొచ్చింది, ఒళ్లూ మండింది. అమ్మ ఎలా ఉండేదని ఇన్నేళ్లు అందరినీ దేబిరించాను. ఆమెని తీసుకొచ్చి నా నడుముకే కట్టేసి ఉంచారు.

అత్త గడప మీంచి లేచి నాకు ఎడంపక్కన చేరింది.

"ఇంకో పువ్వు అల్లవే," అంది. "చూస్తాను."