దిష్టికుండకు జడిసిన పిట్ట

మార్టూరు దాటాక, ఎండ చురుక్కుమనే వేళకు, ట్రంకు రోడ్డు వారగా ఒక మనిషి తలపాగా మూటను గుండెకు హత్తుకుని నడిచిపోతున్నాడు. గుంటూరు యార్డుకు ఎడ్లబండి మీద మిరప టిక్కీ బస్తాలు తోలుకుపోతున్న సిలార్ బండి నిలిపాడు. పసిబిడ్డేమో అనుకున్నాడు.

"ఎక్కు పెద్దాయనా. బిడ్డకి జొరమా?"

"బిడ్డ కాదు, గుడ్డు."

"ఒక్క గుడ్డుకి ఇన్ని చుట్లా! ఏ దొరకి అట్టు పోయిస్తావేంది?"

"పేటలో ఫారెస్టు రేంజరు గారికి చూపించాలి," అని అతడు నవ్వకుండా బండి వెనక టిక్కీల మీద కూర్చున్నాడు.

అతడి పేరు జక్రయ్య. నలభై ఏళ్లు ఒకరి మిరపచేలో నడుం వంచి, రెండేళ్ల కిందట, అంటే ఎనభై అయిదులో, అటవీశాఖలో రోజుకూలి వాచర్‌గా కుదిరాడు. నలభై ఎకరాల బీడుకు కాపలా. బీడుకు కాపలా ఏమిటని ఊరంతా నవ్వింది. ఆ గడ్డిలో బట్టమేక తిరుగుతుంది మరి. నిలబడితే మనిషి నడుం దాకా వచ్చే పిట్ట. గూడు కట్టుకోదు, ఏడాదికి ఒకే గుడ్డును ఉత్త నేల మీద పెట్టి పొదుగుతుంది. ఒకప్పుడు ఈ మెట్టలంతా ఇవే. జక్రయ్య తండ్రి ఉచ్చు వేసి పట్టి దొరల బంగళాకు అమ్మేవాడు. ఆ మాంసం రుచి జక్రయ్యకూ తెలుసు. ఆ సంగతి ఆఫీసులో ఎన్నడూ చెప్పలేదు. తర్వాత పత్తి వచ్చింది, బీళ్లన్నీ దుక్కులయ్యాయి. మిగిలింది ఈ ముక్క, ఈ ఒక్క పిట్ట.

ఆ బీడు మధ్యగానే జక్రయ్య వాళ్ల పాలెం ఆడవాళ్ల కాలిబాట. దారులకు పట్టాలుండవు, కాళ్లు పడితే పుడతాయి, కాళ్లు మానితే గడ్డిలో కలిసిపోతాయి. మొన్న సంక్రాంతి వెళ్లగానే ఆఫీసువాళ్లు ఆ బాటకు అడ్డంగా తుమ్మకంప కొట్టించారు. కొట్టింది జక్రయ్యే. కాయ కోతకు పోయే ఆడవాళ్లు మూడు మైళ్లు చుట్టు తిరిగి ట్రంకు రోడ్డెక్కారు. నెల తిరక్కుండా, తెలవారుజామున మంచులో, లారీ గుద్ది అతడి చెల్లెలు రెబ్కా పోయింది.

సమాధి చేసిన మర్నాడు జక్రయ్య కంప లాగి పారేశాడు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. "అన్నా, పని పోదా?" అని కోతకు పోయే కొండమ్మ అడిగితే, "మాట్లాడకుండా నడవండి, అరవమాకండి," అన్నాడు.

మార్చి ఆఖర్లో బాటకు పది అడుగుల దూరంలో గుడ్డు కనబడింది. పన్నెండు రోజులు ఆడవాళ్లు పక్క నుంచే పోయారు. పిట్ట మెడ చాచి చూసేది, లేవలేదు. కానీ జక్రయ్యకు నిద్ర పట్టలేదు. చీకటితో పోయేవాళ్లు, ఒక్క అడుగు పక్కకు పడితే? మిరపచేలో చేసినట్టే, కర్రకు కుండ బోర్లించి, సున్నం బొట్లు పెట్టి గుడ్డు పక్కన పాతాడు. దిష్టి మీద నమ్మకంతో కాదు. మసకలో కనబడుతుందని.

ఆడవాళ్లు కుండను చూసి ఒదిగి నడిచారు. ఒక్క కాలూ తప్పలేదు. పిట్ట మాత్రం ఆ రోజు లేచిపోయి మళ్లీ రాలేదు. మూడో రోజుకు కుండ పీకేశాడు. అప్పటికి గుడ్డు చల్లబడిపోయింది.

జక్రయ్య చెప్పిందంతా విని సిలార్ ఎడ్లను అదిలించాడు.

"పిచ్చోడా, ఆ గుడ్డు కాలవలో పారెయ్. ఈ ఏడు పిట్ట పెట్టలేదని చెప్పు. నీ కూలి ఉంటది, ఆడోళ్ల బాట ఉంటది."

"పై ఏడు మళ్లీ అక్కడికే వస్తే? ఏ ఎర్రిబాగులోడో ఇంకో కుండ పెడితే?"

"వస్తదని నీకెవడు చెప్పాడు?"

జక్రయ్య మూటను ఒళ్లోకి సర్దుకున్నాడు.

"నిజం చెబితే ఇనప కంచె వేస్తారు. నీ ఇంటిదానికీ ఆ లారీ రోడ్డే గతి."

"మనుషులు నడిస్తే అది బెదరలేదు సిలారూ. పన్నెండు రోజులు నేను కళ్లారా చూశా. నేను పాతిన కుండకి బెదిరింది. తప్పు బాటది కాదు, నాది. ఆ మాట చెప్పేదానికే పోతున్నా."

"కూలోడి మాట నమ్మి బాట ఒదులుతారా? ముందు నిన్ను పీకేస్తారు."

"పీకుతారు," అన్నాడు జక్రయ్య.

పేట దగ్గరపడింది. లారీ హారన్‌కు ఎడ్లు బెదిరితే సిలార్ పగ్గాలు బిగించి పక్కకు తోలుకున్నాడు. "సరేలే, ముందు టీ తాగిపోదువు," అంటూ వెనక్కి తిరిగాడు. టిక్కీల మీద ఎవరూ లేరు. రేంజి ఆఫీసు సందులోకి, మూటను ఎండ తగలకుండా రెండు చేతులతో కప్పుకుని, జక్రయ్య అప్పటికే సగం దూరం పోయాడు.