వద్దుమామయ్య

రక్తం ఇస్తామని వచ్చినవాళ్ళని తిప్పి పంపడం మా మేనమామకున్న ఒకే ఒక్క దురలవాటు. మా ఆసుపత్రిలో రక్తం తీసే గది ఆయనది, మందులిచ్చే కిటికీ నాది. వచ్చినవాళ్ళని ఒంటరిగా కూర్చోబెట్టి, తలుపేసి, ప్రశ్నలతో ప్రాణం తీసేవాడు. చాలామందికి రక్తం మాత్రం తీసేవాడు కాదు. ఊరంతా ఆయన్ని వద్దుమామయ్య అనేది.

ఓసారి బస్తాలు మోసే వస్తాదు వచ్చాడు. కాసేపటికి మామయ్య బయటికొచ్చి, "వద్దు. ఇతను గురక పెడతాడట" అన్నాడు.

"గురకకీ రక్తానికీ ఏంటి సంబంధం మామయ్యా?"

"ఉంది. పుస్తకంలో ఉంది."

ఆ పుస్తకాన్ని నేను చూసిన పాపాన పోలేదు. బడి పంతులుగారినైతే గడియారం బిగుతుగా కట్టుకున్నారని పంపేశాడు. ఆయన గడియారం విప్పి జేబులో వేసుకున్నా ఒప్పుకోలేదు.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం, మా అక్క కాన్పుకి వచ్చేదాకా. బిడ్డ క్షేమంగానే పుట్టింది గాని అక్కకి రక్తం పోవడం ఆగలేదు. డాక్టరమ్మ రెండు సంచులు కావాలంది. ఫ్రిజ్‌లో ఆ గ్రూపుది ఒక్కటే ఉంది. మామయ్య దాన్ని లోపలికి పంపి, రెండోదాని కోసం పట్నం బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేశాడు.

అక్క అత్తగారు ఊరుకుంటుందా? "ఎవరిదో రక్తం మనకెందుకు అన్నయ్యగారూ? మా చిన్నకోడలిదీ ఇదే గ్రూపు. ఇంటి రక్తం ఉండగా ఊరిమీద పడటమేంటి? పదవే!" అంటూ ఆ పిల్లని ముందుకి తోసింది.

తలుపు మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.

"వద్దు. ఈ అమ్మాయికి కోపమెక్కువ."

ఆ పిల్ల గొంతెత్తగా విన్నవాళ్ళు లేరు.

"మీకు మతి ఉందా అన్నయ్యగారూ? అక్కడ నా పెద్దకోడలి ప్రాణం మీదికొచ్చింది!"

"నీ సొంత మేనకోడలు మామయ్యా!" అని నేనూ అరిచాను.

ఆయన ఐసుపెట్టె స్కూటరుకి కట్టుకుని పట్నం వెళ్ళాడు. తిరిగొచ్చేదాకా నేను పడ్డ భయం నాకే తెలుసు. పరీక్షలన్నీ అయిన సంచీ తెచ్చి ఇచ్చాడు. అది ఎక్కుతుండగానే అక్క కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. అత్తగారు మాత్రం ఆయనతో మాట మానేసింది.

కొన్ని నెలలకి ఆవిడే చిన్నకోడల్ని పరీక్షకి తీసుకొచ్చింది. పొట్ట బాగా కనిపిస్తోంది.

"మీ పిచ్చే మమ్మల్ని కాపాడింది అన్నయ్యగారూ! ఆనాటికే ఇది నెల తప్పిందట. పోయినసారి నిలవలేదని భయపడి ఎవరికీ చెప్పలేదట. మీరు రక్తం లాగేసి ఉంటే ఏమైపోయేది?"

"అమ్మో!" అని మామయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆయనకి నటన బొత్తిగా రాదు.

నాకప్పుడు వెలిగింది. తలుపేసిన గదిలో ఎవరేం చెప్పుకున్నా బయటికి పొక్కకుండా ఏదో ఓ వంక పెట్టి, తిట్లన్నీ తన నెత్తినేసుకునేవాడన్నమాట.

"అందరిదీ ఇంతేనా మామయ్యా?" అని చెవిలో అడిగాను.

"నీకెందుకురా? నీ కిటికీ చూసుకో."

ఆయన మేనల్లుణ్ణని ఆ క్షణాన ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

చిన్నకోడలు నవ్వాపుకుంటూ, "బిడ్డ పుట్టాక వస్తాను బాబాయిగారూ. అప్పుడైనా తీసుకుంటారా?" అంది.

"పాలు మాన్పించాక రా అమ్మా. అయినా వాడు రాత్రంతా ఏడుస్తుంటే నీ ఒంట్లో రక్తం ఎక్కడ మిగులుతుంది?"

అత్తగారు నోరు నొక్కుకుంది. "ఇంకా పుట్టనే లేదు, అప్పుడే వాడి మీద కూడా వంక పెట్టేశారు చూడవే!"