ఆళ్లగడ్డ బస్సులో నా తువాలు

మంగళవారం, నంద్యాల బస్టాండు. ఉన్నవారు: నేను, కండక్టరు, ఒక విదేశీ అమ్మాయి.

నా మోకాళ్లు ఆళ్లగడ్డ దాకా నిలబడనివ్వవు. అందుకే కిటికీలోంచి సీటు మీద తువాలు వేసి, చుట్టూ తిరిగి బస్సెక్కాను. సీట్లో ఎవరో లావాటాయన! తువాలేమో ఆ అమ్మాయి చేతిలో, చక్కగా మడతపెట్టి ఉంది.

"తాతగారూ, మీ తువాలు లోపల పడిపోయినది. నేను కాపాడితిని."

"సీటు పాయె గదప్పా పెద్దాయనా!" అన్నాడు కండక్టరు.

దారంతా నిలబడే ఆమె కథ విన్నాను. ఒక సెమిస్టరు చదువు ఆపి వచ్చిందట. పగలు బడిలో ఉచితంగా పాఠాలు చెప్పడం, సాయంత్రం తెలుగు నేర్చుకోవడం, ఆదివారం కొండలెక్కడం. తువాలు సంగతి నేను నేర్పాను.

మర్నాడు ఉదయం ఆళ్లగడ్డలో తిరుగు బస్సెక్కితే, మూడు సీట్ల మీద కొండలెక్కే తాడు పరచి ఉంది. పక్కనే ఆ అమ్మాయి.

"యాడ కావాలంటే ఆడ కూచో తాతా!" అంది.