మాస్టారి బండి మొండికేసిన మూడు నెలలు

మా ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఒక్కరే. ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. బడుల్లో పాఠాలు చెప్పే మాస్టార్లు ఎంతమంది ఉన్నా, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా మాస్టారు అంటే ఈయనే అని పోస్టుమన్‌కు కూడా తెలుసు. సన్నగా, నిటారుగా ఉండేవారు. చొక్కా కాలరు మాయకుండా మెడ చుట్టూ మడతపెట్టిన చేతిరుమాలు ఉండేది. ఆయన కూర్చునే పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు బిగించి ఉండేవి. పందొమ్మిదేళ్లుగా ఇతరులు చెయ్యబోయే తప్పుల మీద పాదాలు ఆనించి కూర్చున్న మనిషి ఆయన.

ఆయన నమ్మకం ఒక్కటే. బండి తనంతట తాను ఆగదు, మనమే ఆపుతాం. క్లచ్చు ఒక్కసారిగా వదిలేసి బండిని ఎగరేసి ఆపేసిన ప్రతివాడికీ ఆ మాట చెప్పేవారు. "ఏం నాన్నా, బండేమన్నా నీ మీద అలిగిందా? లేదుగా. నీ ఎడమకాలికి తొందరెక్కువ." ఆ మాటలో తిట్టు ఉండేది కాదు. అందుకే మరీ గుచ్చుకునేది.

నేను గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తాను. పొద్దున్న ఆరు గంటల బ్యాచిలో చేరాను. అందరూ నెలన్నరలో నేర్చుకుని వెళ్లిపోతారు. నాకు ఐదో నెల నడుస్తోంది. అప్పటికి నాతోపాటు మరో ఇద్దరు ఉండేవారు. ఒకాయన సెలూన్ నడిపేవాడు. ఇంకొకామె పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఏడాదిలో రిటైరు కాబోతున్నారు. ఈ వయసులో కారెందుకమ్మా అని మాస్టారు అడిగితే, "ముప్ఫై రెండేళ్లు బస్సు కోసం నిలబడ్డాను మాస్టారు. ఇక నిలబడను" అన్నారు. ఒకరు నడుపుతుంటే మిగతా ఇద్దరం వెనక సీట్లో కూర్చుని, మా వంతు వచ్చేదాకా నడిపేవారి తప్పులు లెక్కపెట్టుకుంటూ ధైర్యం తెచ్చుకునేవాళ్లం.

అప్పుడు మొదలైంది గొడవ.

మొదటిసారి స్టీరింగు దగ్గర ఉన్నది సెలూన్ ఆయన. బండి బాగానే పోతోంది. ఉన్నట్టుండి రెండుసార్లు తుమ్మినట్టు కుదిపింది. ఊపు తగ్గింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా ముసలివాడు మెట్లెక్కినట్టు ఆయాసపడి, చివరికి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. మాస్టారు అలవాటుగా ఆయన ఎడమకాలి వంక చూశారు. పాపం ఆ కాలు క్లచ్చుకు జానెడు దూరంలో ఉంది. అయినా సరే, "తొందర" అన్నారు. వారంలో నాలుగుసార్లు అదే జరిగింది. అయిదోసారి సెలూన్ ఆయన తాళంచెవి తీసి మాస్టారి చేతిలో పెట్టి, "నాకు కత్తెర చాలు సార్" అని చెప్పి, మళ్లీ రాలేదు.

తర్వాత నా వంతు. నాకు పెద్దగా బాధ అనిపించలేదు. ఐదు నెలలుగా నా తప్పులకు నేను అలవాటుపడిపోయాను. మరొకటి చేరితే నాకు తెలియదు.

నర్సు గారి సంగతి వేరు. ఆమె చెయ్యని తప్పు ఒప్పుకునే రకం కాదు. ఆమె చేతిలో బండి ఆగింది మామూలు చోట కాదు, సరిగ్గా ఫైర్ స్టేషన్ గేటుకు అడ్డంగా. ఆగిన నిమిషానికే లోపల గంట మోగింది. ఎర్ర బండి గర్జిస్తూ గేటు దాకా వచ్చి మమ్మల్ని చూసి ఆగింది. హెల్మెట్లు పెట్టుకున్న ఆరుగురు దిగి, ఒక్క మాటైనా మాట్లాడకుండా, మమ్మల్ని లోపల ఉంచే బండిని పక్కకు జరిపేసి వెళ్లిపోయారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"ఏం చేశారు సిస్టర్ గారూ?" అన్నారు.

"నేనేమీ చెయ్యలేదు మాస్టారు."

"ఏమీ చెయ్యకపోవడం కూడా తప్పేనమ్మా."

నర్సు గారు చేతిసంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి, గడియారం చూసి, ఏదో రాసుకున్నారు. వెనకనుంచి తొంగిచూశాను. తారీకు, బయల్దేరిన సమయం, ఆగిన సమయం. జ్వరం పట్టిక వేసినట్టు గళ్లు గీసి మరీ రాస్తున్నారు.

మర్నాడు మాస్టారు, "ఇలా కాదు. నేను నడిపి చూపిస్తాను, ఇద్దరూ నా కాళ్లు చూడండి" అని స్టీరింగు ముందు కూర్చున్నారు. మేమిద్దరం ఆయన కాళ్లే చూస్తున్నాం. ఊరంతా చుట్టాం. చూడముచ్చటైన డ్రైవింగు. ఫ్లై ఓవర్ ఎక్కుతుండగా బండి ఒకసారి తుమ్మింది. మాస్టారి మెడ బిగుసుకుంది. రెండోసారి తుమ్మింది. సరిగ్గా ఎత్తు మీద ఆగింది. వెనక ఉన్న వాహనాలన్నీ హారన్లు అందుకున్నాయి.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఇది నేను కావాలనే ఆపాను. ఎత్తు మీద ఆగితే ఏం చెయ్యాలో చూపిద్దామని."

"ఏం చెయ్యాలి మాస్టారు?" అని నర్సు గారు ఎంతో మర్యాదగా అడిగారు.

మాస్టారు తాళం తిప్పారు. గుర్రుమంది. మళ్లీ తిప్పారు. గుర్రుమని ఊరుకుంది. "ఇలాంటప్పుడు," అన్నారు నెమ్మదిగా, "మా బావమరిదికి ఫోన్ చెయ్యాలి."

ఆ బావమరిది మెకానిక్. మాస్టారి భార్యకు తమ్ముడు. చేతులకు గ్రీసు, నోటికి వెటకారం ఎప్పుడూ అంటుకునే ఉండేవి. వచ్చీ రాగానే ఎప్పుడూ చేసే మొదటి పనే చేశాడు. వెనక్కు వెళ్లి ట్యాంకు మూత తిప్పి, లోపలికి పుల్ల పెట్టి చూసి, "పెట్రోలుంది బావా" అన్నాడు. మూత పెట్టి, ముందుకొచ్చి తాళం తిప్పాడు. బండి పాడుకుంటూ లేచింది.

"చూశావా? బండికేం రోగం లేదు. నీకే వయసు మీద పడింది."

"నువ్వు రాకముందు పదిసార్లు తిప్పానురా."

"అదేంటో బావా, నన్ను చూడగానే బాగైపోతుంది. నామీద దానికి గౌరవం."

మూడు నెలల్లో ఇది ఎన్నిసార్లు జరిగిందో నాకు గుర్తులేదు. ప్లగ్గులు మార్చాడు. ఫిల్టరు మార్చాడు. పెట్రోలు పంపు విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. షెడ్డులో నిలబెట్టి, మధ్యమధ్య పుల్ల పెట్టి చూసుకుంటూ గంటసేపు ఇంజను తిప్పితే, బండి ఎంచక్కా తిరిగేది. రోడ్డెక్కి అరగంట కాకముందే మళ్లీ చతికిలపడేది. చివరికి బావా బావమరుదులకు మాటలు లేకుండా పోయాయి. ఇద్దరి మధ్యా మాస్టారి భార్య నలిగిపోయారు. "మీ తమ్ముడికి చెప్పు, వాడికి పని రాదని." "అక్కా, బావకు చెప్పు, ఆయనకు డ్రైవింగు రాదని." ఆమె ఒకరోజు వంటింట్లోంచి వచ్చి, "ఇద్దరికీ ఏదీ రాదు. ఇక నాకు చెప్పకండి" అని తలుపు వేసుకున్నారు.

మాస్టారు చిక్కిపోయారు. నేర్చుకునేవాళ్లు ఆగితే నవ్వగలిగిన మనిషి, తన చేతుల్లోనే బండి ఆగేసరికి రోడ్డెక్కాలంటే భయపడసాగారు. ఒక పొద్దున్న స్టీరింగు మీద చేతులు పెట్టి, మమ్మల్ని చూడకుండా, "ఇన్నేళ్లు నేర్పాను గానీ, నాకే సరిగ్గా రాదేమో" అన్నారు. నేను ఆయన్ని ఓదార్చే అర్హత నాకుందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

నర్సు గారు నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకున్నారు. "ఇవాళ నేను నడుపుతాను. బండి ఆగాక ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. మీ బావమరిదిని రమ్మనండి. వచ్చాక నేను చెప్పినట్టు చెయ్యాలి" అన్నారు. వార్డులో చెప్పే గొంతు అది. మాస్టారు తలూపారు.

ఇరవై ఆరు నిమిషాలకు బండి ఆగింది. బావమరిది వచ్చి, అలవాటుగా వెనక్కు నడవబోతే నర్సు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు బాబూ. ముందు తాళం తిప్పు."

తిప్పాడు. లేవలేదు. అతని ముఖంలో వెటకారం కొంచెం వాడింది.

"ఇప్పుడు నువ్వు రోజూ చేసేవన్నీ వరసగా చెయ్యి. మెల్లగా. మీరందరూ నోరు మూసుకోండి."

అతను ట్యాంకు దగ్గరకు వెళ్లి మూత తిప్పాడు. బుస్సుమని చప్పుడైంది. ఎవరో నిద్రలో దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నట్టు గాలి లోపలికి పోయింది. నర్సు గారి ముఖం విచ్చుకుంది.

"చాలు. వెళ్లి తిప్పు."

తిప్పగానే బండి లేచింది. మాస్టారు, బావమరిది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడు వారాల తర్వాత అదే మొదటిసారి.

"గాజు సీసాల్లో సెలైన్ ఎక్కించే రోజుల్లో, సీసా నిండా మందుండేది, గొట్టం బాగుండేది, సూది బాగుండేది, చుక్క మాత్రం పడేది కాదు" అన్నారు నర్సు గారు. "కొత్తగా వచ్చిన డాక్టర్లు నరం దొరకలేదని పేషెంటును పొడుస్తూనే ఉండేవారు. సీసాలోకి గాలి వెళ్లడానికి ఇంకో సూది గుచ్చాలని మేం చెప్పాలి. కిందకు మందు దిగాలంటే పైనుంచి గాలి రావాలి. మీ మూతకు గాలి దారి లేదు. కొంతదూరం పోయాక పెట్రోలు దిగడం మానేస్తోంది. ఈ అబ్బాయి పుల్ల పెట్టడానికి మూత తీసినప్పుడల్లా బాగుచేస్తున్నాడు. ఆ సంగతి అతనికే తెలియదు."

బావమరిది మూతను తిరగేసి చూశాడు. లోపల చిన్న బెజ్జం ఉండాల్సిన చోట, సైకిల్ ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి, గమ్ముతో ఎంతో శ్రద్ధగా అతికించి ఉంది.

"ఇదెవరు చేశారు బావా?"

మాస్టారు మెడలోని చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. మళ్లీ మెడ చుట్టూ పెట్టుకున్నారు. "వెనక సీట్లోవాళ్లకు పెట్రోలు వాసన వస్తోందని ఒకరు గోల పెడితే..." అన్నారు.

ఆ ఒకరిని నేనే. ఆ మాట అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

"నన్నడిగితే ఏం పోయేది?"

"నీ సాయం లేకుండా ఒక్క పనైనా చేసుకోగలనని మీ అక్కకు చూపిద్దామనుకున్నానురా."

బావమరిది ఫుట్‌పాత్ మీద కూలబడి కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వాడు. అతని వెటకారానికి ఏళ్లకు సరిపడా సరుకు దొరికింది. కానీ ఆ పూట ఒక్క మాట అనలేదు. రబ్బరు ముక్కను గోటితో పీకి, మూత తుడిచి, బావ చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత మాస్టారు చేసిన పని చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఈ మూడు నెలల్లో తన దగ్గర మానేసినవాళ్లు ముగ్గురు ఉన్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి క్షమాపణ చెబుతానన్నారు. ఒక్కరే వెళ్లడానికి మొహమాటపడి నన్ను తోడు రమ్మన్నారు.

మొదటి ఇంట్లో సాయంత్రం బ్యాచిలో నేర్చుకున్న ఒక కాలేజీ అమ్మాయి. "ఆ రోజు బండి ఆగింది నీ తప్పు కాదమ్మా, నాది" అన్నారు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "అయితే అంతకుముందు వారం ఆగింది కూడా నా తప్పు కాదా సార్?" అంది.

మాస్టారు కాసేపు ఆలోచించారు. "అది నీదే" అన్నారు.

రెండో ఇంటికి తాళం. మూడోది సెలూన్. అద్దం ముందు ఎవరికో గడ్డం గీస్తున్న ఆయన, మాస్టారి మాట వినగానే కత్తి పక్కన పెట్టి, గుమ్మం అవతలికి లాక్కెళ్లి, గొంతు తగ్గించాడు. "సార్, మీకు దండం పెడతాను, ఈ మాట మా ఇంట్లో తెలియనివ్వకండి. మా అత్తగారు కారు కొని నన్ను నడపమంటోంది. నాకు చేతకాదని మీరే తేల్చారని చెప్పి బయటపడ్డాను. మూడు నెలలుగా ఎంత హాయిగా ఉన్నానో." మాస్టారు ఎంత చెప్పినా వినలేదు. చివరికి తప్పు తనదేనని రాసివ్వబోయిన మనిషి, ఏమీ చెప్పనని మాటిచ్చి రావలసి వచ్చింది.

నర్సు గారు మొదటి పరీక్షలోనే గట్టెక్కారు. రిటైరైన వారానికే పాత కారు ఒకటి కొన్నారు. నాకు మూడో పరీక్షలో లైసెన్సు వచ్చింది. పరీక్ష పెట్టిన ఆఫీసరు సంతకం పెడుతూ ఎందుకో నిట్టూర్చాడు.

అందరికన్నా విచిత్రం మాస్టారి భార్య. ఈ గొడవంతా సద్దుమణిగిన రోజున, భర్త చెప్పులు విప్పుతుండగానే, "నాకూ నేర్పండి" అన్నారట. ఇన్నేళ్లూ ఎందుకడగలేదే అంటే, "తప్పు నాదే అని మీ నోటివెంట ఒక్కసారైనా వినందే మీ పక్కన కూర్చుని నేర్చుకోవడం నావల్ల కాదనుకున్నాను" అన్నారట. నెల తిరిగేసరికి నేర్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి పొద్దుటి బ్యాచి ఆమే చూసుకోసాగారు. ఆడవాళ్లంతా ఆమే కావాలని అడిగేవారు. ఆమె ఎవర్నీ ఒక్క మాటా అనరు. బండి ఆగితే, "ఏం పర్లేదమ్మా, కాసేపు కూర్చుందాం" అంటారు. నిజంగానే కూర్చుంటారు. కబుర్లు చెప్పుకుంటారు.

ఆమె దగ్గర నేర్చుకోవడానికి రెండు వారాలు ఎక్కువ పడుతుందని మాస్టారు కనబడ్డవాళ్లందరికీ చెబుతారు. అది నిజమే.