గొట్టంలో గార, రికార్డులో ఎర్రగీత

మొన్న మా గీజరు నీళ్లు కాచడం మానేస్తే, వీధి చివర దుకాణం నడిపే మెకానిక్ వచ్చి దాన్ని గోడ మీదినుంచి దింపి, లోపలి కమ్మీ లాగి నా ముందు పెట్టాడు. వేలి లావుండే కమ్మీ తెల్లటి గార పట్టి మొక్కజొన్న కంకి అంత అయింది. "నీళ్లు శానా గట్టియి మేడం, యాడాదికోసారన్నా ఇప్పి కడిగించుకోవాల," అని పాఠం చెప్పి, సుత్తితో నాలుగు తట్లు తట్టి ఆ పెళ్లలన్నీ పాత పేపరులో పోశాడు. ముప్పై ఏళ్లకు పైగా కెమికల్ ఇంజనీరింగు చెప్పి, అందులోనూ వేడి గొట్టాలకు పట్టే గార మీదే డాక్టరేటు తీసుకున్న నేను బుద్ధిగా తలూపి అతని కూలి అతనికిచ్చి పంపాను. పేపరు పారేయబోతూ ఒక్క పెళ్ల మాత్రం తీసి కిటికీ గూట్లో పెట్టుకున్నాను. నా ఉద్యోగం నిలబడింది అలాంటి పెళ్ల వల్లే మరి.

మాది కోడుమూరు దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం వైపు చూపు. డాక్టరేటు చేతికొచ్చాక మా గైడు ఏదైనా పెద్ద రిఫైనరీకి పొమ్మన్నాడు, నేను మాత్రం కడప ఇంజనీరింగు కాలేజీలో అప్పుడే కొత్తగా పెట్టిన కెమికల్ బ్రాంచిలో తాత్కాలిక లెక్చరరుగా చేరతానని పెట్టె సర్దుకుని వచ్చేశాను. "ఇంత సదివి వచ్చినావు, ఈ సదువుకు ఈడ పనేముండాది పాపా?" అని మా నాయన అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు గానీ పొగరు మాత్రం దండిగా ఉండేది. ఆ వయసులో ఆ రెండింటికీ తేడా తెలియదు.

చేరి చూస్తే లాబొరేటరీ అని బోర్డు ఉంది, లోపల నాలుగు బల్లలున్నాయి. అటెండరుగా ఉన్న పెద్దాయనది కోయిలకుంట్ల, మా చిన్నమ్మ మెట్టినూరు. ఆ వరసన నేనాయన్ను చిన్నాయనా అనేదాన్ని. అంతకుముందు శనగనూనె మిల్లులో బాయిలరు చూసినవాడు, మిల్లు మూతపడితే ఇటొచ్చాడు. ఆ మిల్లులో పడి ఉన్న రాగి గొట్టాలే తెప్పించి, ఇద్దరం కలిసి ఒక పరికరం కట్టాం. బయటి గొట్టంలో ఆవిరి, లోపలి గొట్టంలో కాలేజీ బోరు నీళ్లు. ఆవిరి వేడిలో ఎంత భాగం నీళ్లకు చేరిందో కొలవడమే ప్రయోగం. మొదటిరోజు కొలిస్తే అంకెలు పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. వాటిని కాగితం మీద రాసి గోడకు అంటించాను, నా చేతుల్తో నేనే.

ఆ కాగితమే కొంప ముంచింది. మన కాలేజీల్లో రికార్డులు ఎలా రాస్తారో మీకు నేను చెప్పాలా? ముందు రావలసిన జవాబు తెలుసుకుంటారు, తర్వాత దానికి సరిపోయే కొలతలు రాస్తారు, సీనియర్ల రికార్డు ఒకటి చేతికి చిక్కితే ఇక చెప్పనే అక్కర్లేదు. క్లాసంతా గోడమీది అంకెలకు దగ్గరగా రాసుకొచ్చారు, నేనూ మురిసిపోయి మార్కులేశాను. తుమ్మలపల్లె వైపునుంచి వచ్చిన ఒక రైతుబిడ్డకు మాత్రం అంకె తక్కువ వచ్చింది. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి మళ్లీ చెయ్యమన్నాను. మరుసటి వారం ఇంకా తక్కువ తెచ్చింది, ఆ పై వారం ఇంకా తక్కువ. అలా ఆరు వారాలు, ఆరు ఎర్రగీతలు. అందరి ముందూ నిలబెట్టి, వచ్చిన అంకె రాయకుండా ఇష్టమొచ్చింది రాస్తున్నావా అని కోప్పడితే, ఆ పిల్ల తలెత్తి, "నేను సూసిందే రాసినా మేడం. సూడంది ఎట్ల రాసేది?" అంది. ఎదురు చెబుతోందని ఇంటర్నల్ మార్కులు కోశాను.

ఆ ఏడాది చివర బ్రాంచికి గుర్తింపు ఇవ్వాలో వద్దో తేల్చే కమిటీ వస్తోంది. ప్రయోగాలు సరిగ్గా నడవకపోతే బ్రాంచి ఎత్తేస్తారు, పిల్లల్ని తలా ఒక బ్రాంచికి సర్దుతారు, నేను మళ్లీ పెట్టె సర్దుకోవాలి. పది రోజుల ముందు ఒకసారి సరిచూసుకుందామని నేనే పరికరం నడిపాను. వచ్చిన అంకె ఆ పిల్ల చివరి అంకెకన్నా కిందికి పోయింది. థర్మామీటర్లు మార్చాను, పంపును అనుమానించాను. చిన్నాయన కాసేపు చూసి, "తర్మామీటరు ఏం సేస్తాది పాపా, గొట్టం ఇప్పి సూడు. మిల్లులో మూన్నెల్లకోసారి మాకు ఇదే పని," అన్నాడు.

విప్పాం. లోపల చుట్టూ తెల్లటి గార. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. డాక్టరేటు కోసం నేను స్వచ్ఛమైన నీటిలో లవణాలు తూచి తూచి కలిపి, ఏళ్ల తరబడి కష్టపడి పట్టించిన గార ఇదే, మా అమ్మ శుక్రవారం శుక్రవారం నీళ్ల బానకు చింతపండు పెట్టి తోమే గారా ఇదే. మన బోరు నీళ్లు ఎలాంటివో నాకు గుర్తే రాలేదు. ఆ పిల్ల రికార్డు తెప్పించి, ఎర్రగీతల కింద ఉన్న ఆరు అంకెలూ గ్రాఫు కాగితం మీద పెడితే, వారం వారం గార పెరిగేకొద్దీ నీళ్లకు చేరే వేడి ఎలా తగ్గుతుందో నా థీసిస్‌లో గీసిన వంపే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. క్లాసులో అందరి ముందూ తప్పు నాదని చెప్పి, కొత్త రికార్డు ఇస్తాను రాసుకోమన్నాను. ఆ పిల్ల పాత రికార్డునే దగ్గరికి లాక్కుని, "ఉండనీలే మేడం, గీత కిందైనా అంకెలు కనపడతానే ఉండాయి గదా," అంది. కాపీ కొట్టినవాళ్లందరూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు.

గొట్టం కడగడానికి సరైన మందు తెప్పించే వ్యవధి లేదు. చిన్నాయన బజారునుంచి పాత చింతపండు తెచ్చి నానేశాడు. రెండు రోజులు ఆ వేడి పులుసే గొట్టంలో తిప్పి, మెత్తబడ్డ గారను తీగకు గుడ్డ చుట్టి తోశాం. లాబంతా చారు వాసన. అన్నం ఎప్పుడు పెడతారు మేడం అని పిల్లలు ఆటపట్టించారు.

కమిటీ వచ్చిన రోజు మా హెడ్డు, కడిగిన గొట్టం చూపించి ఊరుకోమని, ఆ రికార్డు బీరువాలో పెట్టి తాళం వెయ్యమని సలహా ఇచ్చాడు. మంచి మనిషే, భయస్తుడు. నేను గొట్టం విప్పినప్పుడు రాలిన గార పెళ్లనూ ఆ రికార్డునూ తీసుకెళ్లి బల్లమీద పెట్టాను. ఈ గీతలు ఎవరివని కమిటీలో పెద్దాయన అడిగితే నావేనన్నాను. ఆయన ఆ పిల్లను పిలిపించి అరగంట మాట్లాడాడు. బ్రాంచి నిలిచింది, మరుసటేడు నా ఉద్యోగం ఖాయమైంది, ఆ పిల్ల పేరూ నా పేరూ కలిపి నా మొదటి పేపరు అచ్చయింది. ఆ తర్వాత మా ఊరున్న జిల్లా, కడప జిల్లా, ఈ రెండింటి బోరు నీళ్లే నా పరిశోధన అయ్యాయి, నా దగ్గర డాక్టరేట్లు తీసుకున్నవాళ్లకూ అవే తిండి పెట్టాయి. గొప్ప కోసం కాదు, ఉన్నమాటే చెబుతున్నాను. మా నాయన మా చేలో బోరు నీళ్లు క్యానులో పట్టుకుని బస్సెక్కి కడప తెచ్చి ఇచ్చేవాడు. ఈడ పనేముండాదని మళ్లీ ఎన్నడూ అడగలేదు.

పోయిన నెల ఒక కాలేజీవాళ్లు పరీక్షకురాలిగా పిలిస్తే వెళ్లాను. చల్లటి గది, వరసగా కంప్యూటర్లు, అదే ప్రయోగం తెర మీద నడుస్తోంది. అందరి అంకెలూ ఒకటే, గ్రాఫులో చుక్కలన్నీ గీత మీదే. చురుకైన పిల్లలు, ఏది అడిగినా చెబుతున్నారు. ఒకమ్మాయిని, గొట్టం ఎప్పుడైనా విప్పి చూశావా అని అడిగాను.

"ఏ గొట్టం మేడం?" అంది.

బాధ కలిగింది, ఆ పిల్ల మీద కాదు. అలవాటు కొద్దీ ఎర్రపెన్ను చేతిలో పట్టుకునే, ఒక్క అంకెన్నా తక్కువ పడిందేమోనని ఆఖరి రికార్డు దాకా తిప్పాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెన్ను మూత పెట్టేసి, అందరికీ నిండుగా మార్కులేసి వచ్చేశాను.