వెనక్కి జరిపిన గింజ

ఖర్జూరం తిని గింజ పళ్లెంలో వేసినప్పుడల్లా గల్ఫ్‌లో మేమున్న వాడి కబీర్ అనే పేటలోని మా స్కూలు గ్రౌండ్ గుర్తొస్తుంది. హాఫ్ టైమ్‌లో ఫుట్‌బాల్ సారు మాకు ఖర్జూరాలు పంచి, ఆ గింజలనే మట్టిలో పేర్చి ఎవరెక్కడ ఆడాలో చూపేవారు. ఆ రోజు ఒక గోల్ ముందున్నాం. అవతలి జట్టులోని పొడుగుపిల్ల జోరు చూసి, సారు నా గింజను అందరికన్నా వెనక్కి, గోల్ దగ్గరికి జరిపారు.

"నువ్వు ఈడనే ఉండు బిడ్డా, ముందుకు ఉరకకు."

నన్ను లాస్ట్ బెంచీకి పంపినట్టనిపించింది. రోషంతో ముందుకే పరిగెత్తాను. నేను వదిలేసిన చోటు నుంచే ఆ పిల్ల రెండు గోల్స్ కొట్టింది. ఓడిపోయాం.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన నాన్న ఏమైందని అడిగితే, "బిడ్డ తప్పేం లేదన్నా, నేనే తప్పు జాగల నిలవెట్టిన" అన్నారు సారు. నేను బూట్ల లేసులు విప్పుతూ ఉండిపోయాను.

ఆ చోటు బాగా నమ్మకమున్నవాళ్లకే ఇస్తారని పెద్దయ్యాక తెలిసింది. ఆ ఓటమి తర్వాతి మ్యాచ్‌లోనూ నా గింజను ఆయన అక్కడే పెట్టారు. అప్పుడైనా తప్పు నాదేనని నేను చెప్పలేదు.