తెల్ల రుమాలుకు అంటని మసి

ఈ ఉదయం గుంటూరు శివారు సైడింగ్ పట్టాల మీద పాత డీజిల్ ఇంజిన్ ఎక్కగానే డీజిల్ వాసనా, పక్క కళ్లాల మిరప ఘాటూ కలిసి ముక్కుకు తగిలాయి. రెండుసార్లు తుమ్మాను. దానియేలు గారుంటే "ఇంకా అలవాటు కాలేదా అమ్మాయ్" అని నవ్వేవారు. నాకు బండి నడపడం నేర్పిన డ్రైవరు ఆయనే.

ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరిన కొత్తలో, ఇదే సైడింగ్‌లో, ఇదే ఇంజిన్‌తో వ్యాగన్లు మారుస్తూ పిడి నా చేతికిచ్చారు. వేగం పెంచే ఆ పిడికి ఎనిమిది మెట్లుంటాయి, మేం నాచ్‌లంటాం. నా హుషారుకొద్దీ వరసగా నాలుగు నాచ్‌లు తోసేశాను. నల్లటి పొగ లేచి ఆరబోసిన కాయల మీద వాలింది. నాకైతే అదేదో ఘనకార్యంలా అనిపించింది. ఆయన బండి ఆపించి, దిగి, ఒక కాయ తెచ్చి తన తెల్ల రుమాలుతో తుడిచారు. రుమాలు నల్లబడింది.

"ఇది ఇంజిన్ బలం కాదమ్మా, డ్రైవర్ తొందర. గాలి అందకముందే డీజిల్ పోస్తే ఇంతే. మసి పట్టిన కాయని మిర్చి యార్డులో ఎవరు కొంటారు చెప్పు?"

తిట్టలేదు. రుమాలు ఉతికి తెమ్మన్నారు. ఎంత ఉతికినా మరక పోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

పోయినేడు ఈ ఇంజిన్‌ను ముక్కలు చేయాలన్నారు. పాత డీజిళ్లంటే ప్రాణమిచ్చే రైలు అభిమానులు, ఆదివారాలైనా దీన్ని ఇక్కడే నడపమని అర్జీ పెట్టారు. కళ్లాలవాళ్లు మసి పడుతుందని అడ్డుపడ్డారు. పాపం, వాళ్ల భయమూ నిజమే. "ఒకసారి నడిపి చూపించండి. కాయకు మసి అంటితే ఇంజిన్ తుక్కుకే" అని అధికారి తేల్చేశారు. నడిపే పని నాకు పడింది.

ఎప్పుడో రిటైరైన దానియేలు గారు కర్ర పట్టుకుని వచ్చారు. ఇంజిన్ ఎక్కకుండా, అడ్డుపడ్డవాళ్లలో ముందున్న సుబ్బాయమ్మ గారి కళ్లంలోకి వెళ్లి కూర్చున్నారు. కెమెరాలతో నిలబడ్డ కుర్రాళ్లు ఒకటే గోల, "మేడమ్, ఫోటోకి కాస్త నల్లపొగ వదలండి మేడమ్." ఇంజిన్ ఉంటుందో పోతుందో తెలియని గడియలో వీళ్ల సరదా ఇది. ఒక్క నాచ్ వేశాను. చప్పుడు కుదురుకునేదాకా ఆగి రెండోది. మళ్లీ ఆగి మూడోది. అరవై ఎడ్ల బండ్లు ఒక్కసారి కదిలినట్టు నేల అదిరింది. పొగ మాత్రం పల్చటి బూడిద రంగు దాటలేదు.

తిరిగొచ్చి ఆపగానే ఆయన కొత్త తెల్ల రుమాలు తీసి సుబ్బాయమ్మ గారికిచ్చారు. "మీరే తుడవండమ్మా."

ఆమె మూడు కాయలు గట్టిగా రుద్ది, రుమాలు ఎండకు పట్టి చూసింది. "మా కాయ ఎరుపే అంటింది గానీ మసి లేదయ్యా. నడుపుకోండి."

కుర్రాళ్లు కేకలు పెట్టారు. నేను హారన్ కొడుతూనే ఉన్నాను, కళ్ల నీళ్లు కారుతున్నా ఆపలేదు. దానియేలు గారు ఆ రుమాలు నా చేతిలో పెట్టి, "ఇక నీ దగ్గరే ఉండనీ" అన్నారు. ఆ వానాకాలంలో ఆయన కన్నుమూశారు.

ఇవాళా ఎవరో నల్లపొగ అడిగారు. వీల్లేదన్నాను. బండి ఆపి, కళ్లంలోకి దిగి, ఒక కాయ తుడిచి, రుమాలు అందరికీ కనబడేలా పైకెత్తాను.